పెయింటు డబ్బాలో రాధామనోహరం

మొహరక్‌లో మా మిద్దె మీద
ఇరవై లీటర్ల పెయింటు డబ్బా.
అడుగున మూడు బెజ్జాలు,
గోడల్లో గొట్టాలు దించే డ్రిల్లుతో నేనే వేశాను.
గులకరాళ్లు, నర్సరీ మట్టి,
మొతలేబు బస్తాలో తెచ్చిన ఎండు మేకపెంట.
మొక్క చేతికిస్తూ అన్నాడు వాడు,
తన బంగ్లా హిందీలో, నవ్వకుండా:
"కుండీలో పెట్టినంత మాత్రాన ఊరుకుంటుందనుకోకు."

నీళ్లు కొనలేదు.
ఏసీలు బాగుచెయ్యడం నా పని.
మా గది ఏసీ గొట్టం చివర
రాత్రంతా రాలే చుక్కలు,
ఈ దీవిలో నాకు ఊరికే దొరికే ఉప్పులేని నీళ్లు.
ఆరుగురు మనుషులు ఊపిరితో తడిపిన గాలిని
మిషను పిండి డబ్బాలో పోస్తుంది.
"నీ గురక కూడా ఉంది అందులో" అంటే
లింబాద్రి లేచి కూచున్నాడు:
"అయితే పూలల్ల నాకూ వాటా."

మొదటి ఏడంతా ఆకులే.
రెండో ఎండాకాలం తీగకి కాళ్లొచ్చాయి.
సోమవారం బట్టలారేసే తాడు,
బుధవారం డిష్ గొడుగు,
శుక్రవారం నమాజుకి జనం వెళ్తుండగా
సందు మీదుగా వంగి
ఎదురింటి కిటికీ ఊచల్లో వేలు పెట్టింది.

గుండె గుభేలుమంది.
పరాయిల్లు. ఆడవాళ్ల గది.
కత్తెర పట్టుకుని పిట్టగోడ మీంచి వంగానో లేదో
లోపల్నుంచి ముసలి గొంతు: "ఖల్లీ!"
ఉండనీ.
తర్వాత ఒక చెయ్యి,
గోళ్ల చివర మాత్రమే గోరింట మిగిలిన చెయ్యి,
నీలం నైలాను దారంతో
తీగని ఊచకి కట్టింది
లేగదూడని కట్టినట్టు, మెడ బిగియకుండా.

ఆవిడ ఉమ్మ్ ఈసా.
వేరు నాది, పువ్వు ఆవిడది.
మాపటికి తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ,
ఆ పై రోజు కుంకుమ.
నాకు కనిపించేది కాడలే.
వాసన మాత్రం రాత్రి పదింటికి
సందు దాటి ఇటొచ్చేది.
మనవడి చేత పేరు అడిగించింది.
రాధా వరకు పలికి, మనోహరం దగ్గర ఆగి
ఒక పళ్లెం హరీస్ పంపింది.
"మన బతుకు లెక్కనే ఉన్నది గీ చెట్టు" అనబోయాడు లింబాద్రి.
నోరు ముయ్యమన్నాను. చెట్టు చెట్టే.

నాలుగో ఏడు ఆకు పసుపెక్కింది.
డబ్బా పక్కకి వంచి, తట్టి, లాగితే
మట్టి ఏదీ?
అన్నీ వేళ్లే. గుండ్రంగా, చుట్ల మీద చుట్లు.
డబ్బా తీసేసినా
డబ్బాలాగే నిలబడ్డాయి.

హాక్సా బ్లేడుతో మూడో వంతు కోశాను.
చేతులకి పచ్చి వాసన.
వేరు కోస్తే కొమ్మా కోయాలి,
లేకపోతే ఆ మిగిలిన వేరు
అంత పందిరికి నీళ్లు మోయలేదు.
పందిరేమో ఆవిడ కిటికీ.
ఎట్లా చెప్పను?
కుర్రాడితో సగం అరబ్బీ, సగం చేతులతో చెప్పాను.
వాడు ఫోను చూస్తూనే తలూపాడు.

డిసెంబరు. ఏసీ ఆపేశాం.
బకెట్లతో మోశాను.

నాలుగో రోజు పొద్దున
ఎదుటి కిటికీ బోడిగా ఉంది.
ఆవిడే కోసుకుంది, మూర ఎత్తున, ఏటవాలుగా,
ఈ పని బాగా ఎరిగిన చెయ్యి.
నీలం ముడి ఊచకి అట్లాగే ఉంది.
ఖర్జూరాల పళ్లెంలో, పక్కనే,
తడిగుడ్డ చుట్టిన ఐదు కొమ్మలు.
వాటికి వేరే డబ్బాలు వెతకాలి.

మార్చిలో చిగురొచ్చింది.
ఈసారి అటు కాదు,
లింబాద్రి లుంగీ వైపు.
మూడో బెజ్జంలోంచి తెల్లటి వేరొకటి
దారంలా జారి
మిద్దె పగులులోకి దిగింది.
వానొస్తే అది మా గదిలోకే కారుతుంది.
ఇట్లాంటివి ఊరంతా పూడ్చి వస్తుంటాను,
నాకు తెలీదా?

డబ్బాని బెత్తెడు ఇటు జరిపాను,
మిద్దె ఓనరు వస్తే
పగులు కనపడకుండా.